ఈ ఆదివారం వినవలసిన వేణువు

శనివారం వచ్చిందంటే సూరత్‌లో పత్రికలు ఒక పేజీ సెలవురోజుకు వదిలిపెడతాయి. ఏ హాల్లో కచేరీ, ఏ మాల్‌లో ఎగ్జిబిషన్, డుమాస్ సముద్రతీరం వైపు ఏ రిసార్టులో మౌన ధ్యానం, అన్నీ అందులో ఉంటాయి. ఒక శనివారం ఆ పేజీ చదివి పత్రికను ఉండచుట్టి పారేశాను. వారమంతా నగరం రొదకు అలిసిపోయిన చెవులకు ఒకరోజు విశ్రాంతి ఇవ్వమని అందులో పాఠకులకు సలహా ఇచ్చారు. ఏసీ కార్లలో అద్దాలు ఎక్కించుకుని తిరిగేవాళ్ల చెవులట, అలిసిపోయాయట! ఆ కార్లలో తిరిగేవాళ్లు కట్టుకునే చీరలు నేసే మనుషులకు కూడా చెవులుంటాయని ఆ పేజీ రాసేవాడికి ఎన్నడూ తట్టలేదు.

మా వాళ్ల దగ్గరికి ఆ పేజీ రాదు. వచ్చినా అది గుజరాతీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. అందుకని మేమే ఒకటి నడుపుకున్నాం. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో పాఠాలు చెప్తాను. మా అక్క భర్త, మా బావ, ఇక్కడి ఉధ్నాలో మరమగ్గం నడుపుతాడు. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. అక్కా బావా ఉండేది వడోద్‌లో ఒక గదిలో. మా తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లందరికీ ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మా వైపు ఖాతాలు ఆదివారం పగటిపూట ఆగుతాయి కాబట్టి, శనివారం సాయంత్రం అందులో నేను ఒక నాటకమో, ఉపన్యాసమో, బొమ్మల ప్రదర్శనో చూడమని రాసేవాణ్ణి. ఎవరూ చదివేవారు కాదు. దాని కిందే బావ తన గొంతుతో ఒక పాట గురించి చెప్పి, ఆ పాట పెట్టేవాడు. అది మాత్రం అందరూ వినేవారు.

బావ చెప్పే తీరు అలాంటిది. "ఇగో, ఈ వారం గిది వినుండ్రి. మొదలు ఏమనిపియ్యది. రెండో చరణం కాడ డోలకాయన ఒక దెబ్బ కావాలనే ఇడిసిపెడ్తడు. ఆడ జర ఆగుండ్రి. గా ఖాళీల మీ గుండె కొట్టుకునుడు మీకే వినవడ్తది." అంతే చెప్పేవాడు. ఖవ్వాలీ గురించీ అలాగే, గర్బా పాట గురించీ అలాగే, ఊళ్లో ఎవరో ఫోన్లో రికార్డు చేసిన ఒగ్గు కథ గురించీ అలాగే. పాటలో చెవి ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలుసు. ఆయన పెట్టమన్నచోట మా వాళ్లు చెవి పెట్టేవారు.

ఆ ఏడాది మాత్రం ఆయన చెప్పినవన్నీ డప్పులూ డోళ్లే. ఆడవాళ్లు పాడిన పాట ఒక్కటి కూడా చెప్పలేదు. ఎందుకు బావా అని అడిగితే, "ఇప్పటోళ్ల గొంతులు సన్నగయినయి బామ్మర్దీ, దమ్ము లేదు" అన్నాడు. మేం నవ్వుకుని ఊరుకున్నాం.

ఒక ఆదివారం సాయంత్రం నగరంలోని ఒక పెద్ద హాల్లో ఉచితంగా వేణువు కచేరీ ఉందని తెలిసి గ్రూపులో రాశాను. అక్కనూ బావనూ పట్టుబట్టి ఆటో ఎక్కించాను. ముందు వరుసల్లో అత్తరు వాసనలు, వెనక మేం. వేణువు వాయించే మనిషి మంద్రంగా మొదలుపెట్టాడు. బావ కళ్లు మూసుకున్నాడు. తొడమీద వేలితో తాళం వేశాడు. మెల్లమెల్లగా రాగం పైకి పోయింది, ఇంకా పైకి, హాలంతా ఊపిరి బిగబట్టేంత సన్నని అంచుకు పోయి అక్కడ నిలబడింది. అక్క తన ఫోన్లో అదంతా రికార్డు చేస్తోంది. బావ వేలు ఆగిపోయింది. కళ్లు తెరిచి వేదికకేసి చూశాడు. నాకేసి చూశాడు. చెవిలో చెప్తున్నాననుకుని, చుట్టూ నాలుగు వరుసలకు వినిపించేలా అన్నాడు:

"ఏందిరా, గాయన ఊదుతలేడు గద. ఊకె వేళ్లాడిస్తుండు. మోసం జేస్తుండా ఏంది?"

ముందువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఒకామె ముక్కు చిట్లించింది. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "నీ మొకం! గంత మంచిగ ఊదుతుంటే" అంది. ఆమె నవ్వుతూనే ఉంది. నేను నవ్వలేకపోయాను. బావ ముఖంలో వెటకారం లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

తిరిగివచ్చేటప్పుడు ఆటోలో అక్క ఒక్కసారిగా నవ్వు ఆపేసింది. "తమ్మీ, కుక్కరు విజిలొస్తే దించుమని చెప్పి నల్లకాడికి పోతే, అన్నం మాడవెడ్తుండు. ఎన్నిమాట్ల తిట్టిన్నో. నా మాట లెక్కజేస్తలేడు అనుకున్న." బావ రోడ్డువైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. ఆటో చప్పుడులో ఆయనకు ఈ మాటలు వినపడ్డాయో లేదో తెలియదు.

ఇన్నేళ్లు ఈ చెవుడు ఎలా బయటపడలేదని అడగవచ్చు. ఖాతాలోకి ఒక్కసారి వెళ్లిచూడండి. వరసలు వరసలుగా మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. దారం తెగిందంటే వేళ్లతో చెప్తారు. నీళ్లు కావాలంటే పెదాలు కదిపి చెప్తారు. మాట్లాడే నోటినే చూసి అర్థం చేసుకోవడం చేరిన కొద్ది రోజుల్లోనే అలవాటైపోతుంది. చెవులున్నవాడూ లేనివాడూ అక్కడ సమానమే. ఇంత గొప్ప సమానత్వాన్ని మన దేశంలో ఇంకెక్కడా చూడం! బయటికి వచ్చాక కూడా మా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూస్తూ అరిచి మాట్లాడుకుంటారు. పల్లెటూరి గొంతులని జనం వెక్కిరిస్తారు. చెవుడు పట్టుబడాలంటే మనిషి నిశ్శబ్దంగా కూర్చుని ఒక సన్నని స్వరం కోసం ఎదురుచూడాలి. అలా కూర్చునే తీరిక మా వాళ్లకు ఎవరిచ్చారు?

దవాఖానకు పోదామంటే బావ ససేమిరా అన్నాడు. "చెవుడని కాయితం మీద రాసిస్తే సేఠ్ ఉంచుకుంటడా? గ్రూపుల నా పాట ఎవలింటరు? చెవిటోడు పాటలు చెప్తుండని నవ్వరా?" ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ రెండో భయమే పెద్దదని నాకు తెలుసు. ఈ ఊళ్లో ఆయనకు ఉన్నదంతా మగ్గం. మా వాళ్లలో ఆయనకు దక్కిన మర్యాదంతా ఆ పాటలది.

కచేరీ తర్వాతి శనివారం బావ గ్రూపులో ఏ పాటా పెట్టలేదు. ఆ ఖాళీలోకి మా తెలుగువాళ్ల సంఘం పెద్ద దూరాడు. ఆయన్ని అందరం కాకా అంటాం. ముప్పై ఏళ్లకు పైగా మగ్గం నడిపి, ఇప్పుడు సంఘం హాలు చూసుకుంటూ పెద్దరికం చేస్తున్నాడు. ఆదివారం పొద్దున హాల్లో ఒక బాబా వస్తున్నాడని, మంత్రించిన నూనె చెవిలో పోస్తే మూసుకుపోయిన చెవులు తెరుచుకుంటాయని, కుటుంబంతో సహా రమ్మని రాశాడు. పాటల సిఫారసు ఉండే చోట నూనె సిఫారసు వచ్చి కూర్చుంది. అది చూసి బావ నాకు ఫోన్ చేశాడు. "నేను పోత బామ్మర్దీ. కాయితం ఉండది, సేఠ్‌కు తెల్వది. నూనెనే గద."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే నాకు తెలిసిన చెవి డాక్టర్ని అడిగి ఉన్నాను. మగ్గాల మోతకు ముందు సన్నని స్వరాలే వినపడకుండా పోతాయని, పాడయ్యేది చెవి లోపలెక్కడో ఉంటుందని, నూనె అక్కడిదాకా పోదని, కర్ణభేరికి చిల్లి ఉంటే నూనెతో చీము పడుతుందని, పోయిన వినికిడి రాదు గాని మోతకు దూరంగా ఉంటే మిగిలినది మిగులుతుందని ఆయన చెప్పాడు. ఆ మిగిలినది కాపాడుకోవలసిన మనిషి, ఎవడో బాబా ముందు తల వంచి చెవి చూపిస్తానంటున్నాడు!

తిన్నగా సంఘం హాలుకు వెళ్లాను. కాకా నిచ్చెన కింద నిలబడి లౌడ్‌స్పీకర్లు కట్టిస్తున్నాడు. చెవుల వైద్యానికి లౌడ్‌స్పీకర్లు!

"కాకా, ఏందిది?"

"రా సారూ, రా. దేవుడు లేడనేటోడివి నువ్వు గూడ వచ్చినవంటే మా బాబా మహిమనే."

"నూనెతోటి చెవుడు పోతదని ఎవలు చెప్పిన్రు నీకు?"

"నమ్మకం సారూ. నీకు డాక్టర్ మీద నమ్మకం, మాకు బాబా మీద నమ్మకం. రెండు నమ్మకాలే గద. నీది ఇంగ్లీషుల ఉన్నది, మాది తెలుగుల ఉన్నది, గంతే ఫరక్."

నిచ్చెన మీదున్నవాళ్లు పకపకా నవ్వారు. వాదనలో కాకా తక్కువవాడు కాదు.

"డాక్టర్ ముందు పరీక్ష జేస్తడు, తర్వాత మందిస్తడు. తగ్గకుంటే తగ్గలేదని చెప్తడు. మీ బాబా నూనె పొయ్యకముందు ఎంత వినవడ్తుంది, పోసినంక ఎంత వినవడ్తుందని పరీక్షకు ఒప్పుకుంటడా?"

"పెట్టు నీ పరీక్ష. నాకే పెట్టు ముందుగాల. చీమ నడిచినా వినవడ్తది నాకు. రేపు బాబా వచ్చేలోపల పెట్టు, అందరి ముందట పెట్టు."

ఆ మాటే నాకు కావలసింది. వడోద్‌లో అక్క గదికి వెళ్లి బావకు చెప్పాను.  బావ అక్క ఫోన్ తీసుకుని ఆ వేణువు రికార్డింగ్‌ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "గిదే పెడ్తం. నేనే పెడ్త" అన్నాడు.

ఆదివారం పొద్దున హాలు నిండింది. బావ లౌడ్‌స్పీకర్లు బందు చేయించి, ఫోన్‌ను బల్లమీద పెట్టి నిలబడ్డాడు. 

"ఇన్నొద్దులు నేను చెప్పిన పాటలు విన్నరు. ఇయ్యాల గిది వినుండ్రి. అందరు కండ్లు మూసుకోవాలె, చెయ్యి లేపాలె. వినవడినంతసేపు లేపే ఉంచాలె. వినవడకుంటే దించాలె. పక్కోన్ని చూసి దించుడు కాదు. ముందుగాల చెప్తున్న, నా చెయ్యే మొదలు దిగుతది. నాకు చెవుడొచ్చింది."

హాల్లో గుసగుసలు లేచి అణిగాయి. ఆ మాట చెప్పడానికి మా బావకు ఎంత ధైర్యం కావలసివచ్చిందో అక్క ముఖంలో చూశాను.

వేణువు మొదలైంది. చేతులన్నీ పైనున్నాయి. రాగం పైకి పోయేకొద్దీ చేతులు దిగసాగాయి. బావ చెయ్యి దిగింది. ఎన్నో ఏళ్లుగా మగ్గాల మీద ఉన్నవాళ్ల చేతులు ఒక్కొక్కటే దిగాయి. నాకింకా స్పష్టంగా వినిపిస్తోంది. నాకు వినిపిస్తున్న పాట నా కళ్లముందే మనిషి తర్వాత మనిషిని వదిలి వెళ్లిపోతోంది. ఈమధ్యే ఊరి నుంచి వచ్చినవాళ్ల చేతులు మాత్రం చివరిదాకా నిలిచి, పాట ముగిశాక దిగాయి.

ఒక్క చెయ్యి దిగలేదు. ముందు వరుసలో కాకా కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి నిటారుగా ఎత్తి, తల తాళానికి ఊపుతున్నాడు. ఫోన్ ఎప్పుడో మూగబోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. "కాకా, చెయ్యి దించు" అన్నాడు బావ. కాకా తల ఊపుతూనే ఉన్నాడు. బావ వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. కాకా ఉలిక్కిపడి కళ్లు తెరిచి, కింద ఉన్న చేతులన్నీ చూశాడు.

"ఏంది? నాకింక వినవడ్తనే ఉన్నది" అన్నాడు.

వాదం నేను గెలిచినట్టే. రవ్వంత సంతోషం కూడా కలగలేదు. నా కోపం ఆ ముసలాయన్ని దాటి పోయింది. తన చెవులు పోయిన సంగతి తనకే తెలియకుండా ఒక మనిషిని మూడు దశాబ్దాలు వాడుకున్నవాళ్లు ఈ ఊళ్లోనే కార్లలో తిరుగుతున్నారు. వాళ్ల చెవులు అలిసిపోయాయని పత్రికలు బాధపడుతున్నాయి!

కాసేపటికి బాబా వచ్చాడు, తెల్లకారులో, సీసాలతో. వరుస కట్టారు. అవును, ఆ పరీక్ష తర్వాత కూడా కట్టారు. చెయ్యి దించినవాళ్లలో సగం మంది ఆ వరుసలో ఉన్నారు, అందరికంటే ముందు కాకా ఉన్నాడు. "కండ్లార చూసినంక గూడనా?" అని అరిచాను. ఎవరూ తల తిప్పలేదు. వినపడలేదేమో. బావ ఆ వరుసకేసి చూస్తూ గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు.  అక్క ఆయన రెక్క పట్టుకోలేదు. చివరికి ఆయనే చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.

మర్నాడు ముగ్గురం ప్రభుత్వ దవాఖానకు వెళ్లాం. పోయినది రాదని అక్కడా అదే చెప్పారు. మోత నుంచి బయటపడమన్నారు. ఆ కాగితం చూసి ఖాతా యజమాని సేఠ్, "కాన్‌మాఁ రూ నాఖ్" అన్నాడు, చెవిలో దూది పెట్టుకోమని. ఇన్నేళ్ల పనికి అతని దగ్గర నుంచి రాలిన సలహా అది. నేను నోరు తెరవబోతే బావ నా చెయ్యి నొక్కి, తానే చెప్పాడు, మగ్గం మీద ఇక నిలబడనని. ఇప్పుడు వేరేచోట బట్ట మడతపెట్టే పనిలో ఉన్నాడు. చిన్న పని. గది మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది.

ఆ వచ్చిన శనివారం గ్రూపులో మళ్లీ బావ గొంతు వినిపించింది.

"ఈ వారం వేణువు. నేను సగమే విన్న. గా సగం మంచిగున్నది. మిగిలిన సగం మీరు విని ఎట్లున్నదో నాకు చెప్పుండ్రి. వినవడకపోతే సిగ్గువడకుండ్రి. సోమవారం నాతోటి దవాఖానకు రాండ్రి."

 పొద్దుపోయాక, హాల్లో నూనె వరుసలో నేను చూసిన ఒకతను అడిగాడు: "యాడ నిలవడాలె అన్నా?"

"ఉధ్నా స్టేషన్ బయట, ఆటోల కాడ" అన్నాడు బావ.