శుక్రవారం పన్నెండింటికి లాగౌట్

2023లో మాది కాకినాడలో నలుగురం పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీకి అడ్మిషన్ల వెబ్‌సైట్ మేమే చేశాం. అందులో సెషన్ టైమ్‌అవుట్ నా పని. లాగిన్ అయిన మనిషిని సర్వర్ కాసేపు గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే సెషన్ అంటాం. పదిహేను నిమిషాలు ఏమీ నొక్కకపోతే బయటకు పంపేస్తుంది. జనం ఎక్కువగా నెట్ సెంటర్లలో నింపుతారు కదా, మధ్యలో లేచిపోతే వాళ్ల ఆధార్, సర్టిఫికెట్లు తరవాత కూర్చున్నవాళ్ల కళ్లబడతాయి. అందుకే ఆ పదిహేను నిమిషాల విషయంలో నేను ఎవరి మాటా వినేవాణ్ణి కాదు.

గడువు ఆఖరి రోజు శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటకు సైట్ మూసేస్తారు. పన్నెండూ ఐదుకు రావులపాలెం నెట్ సెంటర్ నుంచి మంగతాయారు గారనే ఆవిడ ఫోన్ చేశారు. పెళ్లితో చదువు ఆపేసిన కోడలు దుర్గ చేత దరఖాస్తు పెట్టిస్తున్నారట. ఆదాయం సర్టిఫికెట్ ఆ ఉదయమే చేతికొచ్చిందట. అంతా నింపి సబ్మిట్ నొక్కితే సెషన్ ఎక్స్‌పైర్డ్ అని వచ్చి, ఒక్క అక్షరం మిగల్లేదు. వచ్చే ఏడాదికి దుర్గకు వయసు దాటిపోతుందని చెప్పారు.

నేనేమో లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో సర్వర్ రాసుకునే చిట్టా అది. పదకొండుంపావుకే ఫారం నింపడం అయిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చి, ముప్పావు గంట వదిలేసి ఎక్కడికెళ్లారండీ అని కసిరాను.

"ఎక్కడికీ వెళ్లలేదు బాబూ. రాహుకాలం కదా, పన్నెండు దాటాక నొక్కుదామని ఇక్కడే కూర్చున్నాం."

ఓరి నాయనో అనుకున్నాను. వారం రోజుల లాగులు తిరగేస్తే సోమవారం తొమ్మిది దాటగానే, గురువారం మూడు దాటగానే, సరిగ్గా రాహుకాలం అయిపోయే వేళకే, ఇలాగే సెషన్ పోయి గుంపులుగా జనం బయటపడ్డారు. సర్వర్‌కేదో జబ్బు చేసిందని నేను తల బాదుకుంటున్నాను. క్యాలెండర్ చూడకుండా గుమ్మం దాటని అమ్మ ఇంట్లోనే ఉండి కూడా ఆమాత్రం తట్టలేదు నాకు.

గడువు పెంచే అధికారం మాకు లేదు. ఫోన్ పెట్టేయొద్దని చెప్పి, ఒక్కో పేజీ మళ్లీ నింపించాను. దుర్గ చకచకా టైపు చేసింది గానీ, సర్టిఫికెట్ల స్కాన్లు ఎక్కించడానికి ప్రాణం మీదకొచ్చింది. పన్నెండూ నలభైకి ఆఖరి పేజీకి చేరాం. ఇక సబ్మిట్ నొక్కండమ్మా అన్నాను.

ఎంతకీ నొక్కరు. చివరికి దుర్గే నెమ్మదిగా చెప్పింది, ఇప్పుడు దుర్ముహూర్తం నడుస్తోందట, ఒంటిగంట దాటే దాకా పోదట. నొక్కెయ్యండని గట్టిగా అనడానికి నేనెవర్ని?

ఇంతలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"లెగమ్మా దుర్గా, నేను నొక్కుతాను. దోషమేదన్నా ఉంటే నాకు తగులుద్ది, నీ చదువుకి తగలదు."

అప్లికేషన్ నెంబరు వచ్చిందని ఆవిడే అంకె అంకె చదివి వినిపించారు. నేను రాసుకుంటుంటే కళ్లు మసకబారాయి.

ఆ సాయంత్రమే ఆటో సేవ్ పెట్టాను. టైమ్‌అవుట్ పదిహేను నిమిషాలే ఉంచాను, కాకపోతే మళ్లీ లాగిన్ అయితే నింపినదంతా అలాగే ఉంటుంది. నొక్కడం ఆగిందంటే మనిషి లేచి వెళ్లిపోయినట్టేనని అన్నేళ్లూ నమ్మాను. ఆ ముప్పావు గంటా మంగతాయారు గారు మంచినీళ్లకు కూడా లేవకుండా, కోడలికి మంచి జరగాలని గడియారం కేసి చూస్తూ కూర్చున్నారు.