నేను పద్మకు చెప్పని కబురు

పన్నెండేళ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. పెద్ద నేరమేం కాదు, పోలీసులు రారు. విన్నవాళ్లు "ఓస్, ఇంతేనా?" అని నవ్వినా నవ్వుతారు. మీరూ నవ్వండి, ఫర్వాలేదు. కానీ చివరిదాకా వినండి. చేసింది తప్పని నాకు తెలుసు గానీ, ఎంత తప్పో ఇప్పటికీ తేలడం లేదు.

నేనూ పద్మా తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివాం. మాది ఉంగుటూరు దగ్గర పల్లె, రోజూ బస్సులో వచ్చేదాన్ని. పద్మ కలిదిండి వైపు చేపల చెరువులవాళ్లమ్మాయి, హాస్టల్లో ఉండేది. ఇద్దరికీ మార్కెటింగంటే పిచ్చి. నాకున్నది పిచ్చి మాత్రమే. పద్మకు ఆ విద్య పుట్టుకతోనే వచ్చింది. ఆఖరి సంవత్సరం కాలేజీలో స్టాళ్లు పెట్టమంటే కలిసి కొరమీను పచ్చడి పెట్టాం. నేను రెండు రోజులు కూర్చుని ఇంగ్లీషులో బేనరు రాశాను. ఒక్కరూ చదవలేదు. పద్మ హాస్టల్ నుంచి వేడన్నం తెప్పించి, వచ్చినవాళ్ల చేతిలో ఒక్కో ముద్ద కలిపి పెట్టింది. మధ్యాహ్నానికి సీసాలన్నీ అయిపోయాయి. అందరూ ఇద్దరినీ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎవరిదో నాకు తెలుసు. ఆ రోజు దాన్ని చూసి అసూయపడ్డాను. ఇంత సూటిగా ఈ మాట రాయడం ఇదే మొదటిసారి.

డిగ్రీ అయ్యాక ఎంబీఏనా, ఎంకామా? తెలిసి చెప్పేవాళ్లు మాకు లేరు. ఎంబీఏ చేసినవాళ్లంతా బైకుల మీద తిరిగి సిమ్ కార్డులు అమ్ముతున్నారని ఒకాయన అన్నాడు. ఎంకామ్ చేస్తే లెక్చరరు కావచ్చు, ఆడపిల్లకు అదే మేలని ఇంకొకాయన అన్నాడు. నేను ఎంబీఏ అని ముందే తేల్చుకున్నాను. పద్మ ఎంట్రన్సు రాసి నాకంటే మంచి ర్యాంకు తెచ్చుకుంది. అయినా ఎటూ తేల్చుకోలేకపోయింది.

టీసీ కోసం కాలేజీకి వెళ్లిన రోజు, మాకు మార్కెటింగ్ పాఠం చెప్పిన సారు నన్ను ఆపారు. "పద్మ ఫోను కలవట్లేదమ్మా. ఏలూర్లో ఎంబీఏలోనే చేరమన్నానని చెప్పు. ఆ అమ్మాయికి అదే కరెక్టు. మర్చిపోకు." అలాగేనండి అన్నాను. నా సంగతి ఆయన అడగలేదు. అడిగి ఉంటే నేను వేరేగా నడుచుకునేదాన్నా? ఏమో. అలా అనుకుంటే నా తప్పులో సగం ఆయన మీదకు నెట్టినట్టవుతుంది, అందుకని అనుకోకూడదు అనుకుంటూనే ఎన్నోసార్లు అనుకున్నాను.

ఎంబీఏ సీట్లకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజునే పద్మవాళ్ల చెరువు పట్టుబడి వచ్చింది. చేపలు పట్టి, ఐసు వేసి, లారీకి ఎక్కించేదాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టు దిగరు. అందుకని తన ఆప్షన్లు కూడా నన్నే పెట్టమంది. గూడెంలో నెట్ సెంటర్లో కూర్చుని ఫోన్ చేశాను. అవతల ఇంజన్ల మోత.

"ఒసేయ్, నాకేం తేలట్లేదే. ఎంబీఏ పెట్టించుకోనా, ఎంకామ్‌కి పోనా? సారేవన్నా అన్నారా?"

"ఏం అనలేదే."

"పోనీ నువ్వేవంటావ్?"

"ఎంకామ్ చేసినా మార్కెటింగ్‌లోకి రావచ్చే. నీకదే నయం."

"అంతేనంటావా? సరే, నువ్వంటే అంతే. నాకు ఆప్షన్లు పెట్టకు."

నా ఆప్షన్లు పెట్టుకుని బస్సెక్కాను.

ఎంకామ్ నయమన్నది అబద్ధమా? పద్మ ఇంటికి దగ్గరగా ఉండాలని వాళ్ల నాన్నకు ఉందని, ఊరూరూ తిరిగే ఉద్యోగం తనవల్ల కాదని అదే ఒకటి రెండుసార్లు అందని, కాబట్టి నేను దాని మేలు కోరే చెప్పానని ఆ బస్సులోనే నాకు నేను నచ్చజెప్పుకోవడం మొదలుపెట్టాను. కొంత నిజమేనేమో. కానీ మేలు కోరినదాన్ని సారు మాట ఎందుకు దాచాను? ఒకే క్లాసులో అది పక్కన కూర్చుంటే నన్నెవరూ చూడరని భయపడ్డాను. ఇది మాత్రం నిజం.

ఇప్పుడు నేను చేపల మేత కంపెనీలో మార్కెటింగ్ మేనేజరుని. పద్మ గూడెంలోనే జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతోంది. పిల్లలకు అదంటే ప్రాణం. సంతోషంగానే ఉంది. అది చూసి ఒక్కోసారి నా మనసు తేలికపడుతుంది, వెంటనే సిగ్గేస్తుంది. ఈ మధ్య ఏలూరులో ఇద్దరం బట్టల కొట్టుకు వెళితే, చీరలు గుమ్మం దగ్గర ఎలా వేలాడదీస్తే జనం లోపలికి వస్తారో కొట్టాయనకు చెప్పింది. ఆయన అప్పటికప్పుడు మార్పించాడు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించాను. అది పోగొట్టుకున్నదేమిటో దానికి తెలియదు. పోగొట్టుకుందని చెప్పడానికైనా నేనెవరిని?

కిందటి నెల తన ఆడపడుచుని మా ఇంటికి తీసుకొచ్చింది. "దీనికి పీజీలో ఏం చెయ్యాలో చెప్పవే. నాకు చెప్పినట్టే చెప్పు."

ఆ అమ్మాయి మార్కెటింగ్ ఇష్టమండీ అంది. ఎంబీఏ చెయ్యమ్మా అన్నాను, క్షణం కూడా ఆలోచించకుండా.

"మరి నన్ను ఎంకామ్ చెయ్యమన్నావ్ కదే?" అని పద్మ నవ్వింది.

"అప్పటి రోజులు వేరే" అన్నాను.

నమ్మేసింది. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "ఇది చెబితే ఇంకంతే" అని ఆ అమ్మాయికి ధైర్యం కూడా చెప్పింది.

అప్పటి రోజులు వేరేం కాదు. ఇప్పుడు నిజం చెబితే అది పోయిన ఏళ్లు లెక్కపెట్టుకుంటుందా, నన్ను చూసి మళ్లీ నవ్వేస్తుందా? చెప్పాలనిపించడం దాని కోసమా, నా నిద్ర కోసమా? తేలడం లేదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఈ నాలుగు ముక్కలు ఒక్కసారైనా బయటికి అనాలి.

పద్మా, సారు అన్నారే. నిన్ను ఎంబీఏలోనే చేరమన్నారు. నేనే నీకు చెప్పలేదు.