కెమెరా కంటికి పెట్టిన బొట్టు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. చాలా ఏళ్ళుగా నా తప్పును ఒక చనిపోయిన మనిషి మీద మోపి బతుకుతున్నాను. ఆ బరువు పగలు అంతగా తెలియదు. కళ్ళు మూసుకుంటే తెలుస్తుంది.

మాది సాలూరు. సగం ఊరికి లారీలే కూడు పెడతాయి. ఒక కంపెనీ లారీలకు డ్రైవర్ల భద్రత చూసే ఉద్యోగం నాది. మొదట్లో డ్రైవర్లు నన్ను చూసి నవ్వేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక స్టీరింగు వదలని వాళ్ళకి నేను క్లాసు చెప్పడమేమిటని. అయినా పట్టు వదల్లేదు. అందరికీ కళ్ళు పరీక్ష చేయించాను. ఒడిశా వైపు కొండల్లో ఘాటీ ఎక్కే ముందు బ్రేకులు చూసుకోనిదే బండి కదలకూడదన్నాను. అలిసిన వాడు పడుకుని తీరాలన్నాను. దాంతో ప్రమాదాలు తగ్గాయి, టైర్లు ఎక్కువ కాలం వచ్చాయి, ఫోను మోగితే మా గుండెలు జారడం మానేశాయి. ఆ పద్ధతి మంచిదే. ఇప్పటికీ దాన్ని నమ్ముతాను. చెడ్డవాణ్ణి నేను.

తర్వాత క్యాబిన్లలో కెమెరాలు పెట్టించాం. డ్రైవరు రెప్ప వాలితే అది పసిగట్టి మాట్లాడుతుంది. కానీ దాంట్లో వచ్చింది ఎవరో ఆడమనిషి హిందీ. మావాళ్ళు దాన్ని పాటలాగా వింటూ తోలేవాళ్ళు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అందరూ గౌరవించే పెద్ద డ్రైవరు సింహాచలం చేత మా మాటలోనే తిట్టించి రికార్డు చేశాను. "ఒరే బావా, కళ్ళు మూతలడిపోతన్నాయి. బండి పక్కనెట్టి మొకం కడుక్కో." అంతే. ఆ గొంతు వినగానే ఎంతటి మొండివాడైనా బండి ఆపేవాడు.

సింహాచలానిది బొబ్బిలి దగ్గర పల్లె. చిన్నప్పటి దెబ్బ వల్ల ఎడమ రెప్ప కాస్త కిందికి వాలి ఉండేది. దాన్ని చూసి కెమెరా మాటిమాటికీ పిలిచేది. తన గొంతు తననే తిడుతుంటే మిగతావాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. నేను నవ్వలేకపోయేవాణ్ణి. పిలిచిన ప్రతిసారీ ఆఫీసులో నా కంప్యూటరు తెర మీద అతని బండి ఎర్రగా వెలిగేది. ఆ ఏడు దసరా వెళ్ళాక విశాఖ నుంచి కంపెనీ పెద్దవాళ్ళు ఆ తెర చూడ్డానికే వస్తున్నారని కబురొచ్చింది. అందులో ఒక్క ఎరుపు కూడా కనబడకూడదని నా పట్టుదల. ఎందుకంత? మెచ్చుకోలు కోసం. ఇంకో పేరు పెట్టి ఏం లాభం?

ఒకరోజు షెడ్డులో అతన్ని పక్కకి పిలిచాను.

"మావా, ఇవన్నీ నీ రెప్ప వల్లేనా? నిజంగా నిద్దరొస్తన్నాదా?"

"కొన్ని రెప్పవే బాబూ. కొన్ని నిజమే. మజ్జానం పూట ఘాటీ దిగినప్పుడు ఒకోపాలి నాకే తెల్దు. అది పిలిస్తేనే తెలుస్తాది." క్యాబిను వైపు చూసి అన్నాడు. "నా గొంతు నన్నే పిలిస్తే ఒళ్ళు జలదరిస్తాది బాబూ. సచ్చినోడెవుడో పిలిసినట్టుంటాది."

కొన్ని నిజమే. ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఆయుధపూజ నాడు బండ్లన్నీ కడిగి, పూలు కట్టి, వరసగా నిలబెట్టారు. స్టీరింగుకి, అద్దాలకి, చక్రాలకి బొట్లు పెడుతున్నారు. నేను పళ్ళెం తీసుకుని సింహాచలం బండి ఎక్కాను. గంధంలో పసుపు కలిపి, కెమెరా కంటి మీద మందంగా రాశాను. మీద కుంకుమ అద్దాను. మిగతావాళ్ళు ఎవరి బండి దగ్గర వాళ్ళున్నారు. కింద అతనొక్కడే చేతులు జోడించి నిలబడ్డాడు. ఆఫీసు మనిషి తన బండికి స్వయంగా పూజ చేస్తున్నాడని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

అతను దాన్ని తుడవడు. అది నాకు తెలుసు. పూజలో పెట్టిన బొట్టు దానంతటది రాలాలి తప్ప చేత్తో చెరపడం మావాళ్ళకి అపచారం. దాన్ని నమ్ముకునే ఆ పని చేశాను. ఇప్పటి కెమెరాలయితే కన్ను మూస్తే గోల చేస్తాయి. ఆనాటిది నోరు మూసుకుంది. నా తెర పచ్చగా మారింది.

రెండు ట్రిప్పులయ్యాక సింహాచలం ఫోను చేశాడు. "బాబూ, అది నన్ను పిలవడం నేదు. ఏటయిందేటి?"

"నీ తోలుడు బాగుపడింది మావా," అన్నాను.

సంబరపడ్డాడు. ఆ సంబరం ఇంకా నా చెవిలో ఉంది.

పెద్దవాళ్ళు వచ్చి, చూసి, మెచ్చుకుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాకయినా ఆ బొట్టు తుడవొచ్చు కదా? రేపు చూద్దాంలే అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం, వానా మంచూ లేని ఎండలో, అతని లారీ ఘాటీ మలుపు తిరగకుండా నేరుగా లోయలోకి వెళ్ళిపోయింది. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తే లేదు.

బండి పైకి తీశాక విచారణకు వచ్చినవాళ్ళు కెమెరా చూశారు. క్యాబిను నుజ్జయినా ఆ బొట్టు చెక్కు చెదరలేదు. "అలారం గోల పడలేక డ్రైవరే మూసేసుకున్నాడు," అన్నారు. నా వైపు చూశారు. నేను తల ఊపాను.

దినకర్మ నాడు వెళ్తే అతని భార్య పైడమ్మ ఒక్క మాటే అంది. "కెమేరాకి బొట్టెట్టి నా బొట్టు తీసేసినాడు బాబూ." గోడ మీద ఫొటోకి దండ ఉంది. బొట్టు లేదు. పెట్టనని తెగేసి చెప్పిందట.

ఇంతటితో ఆగినా మనిషిననిపించుకునేవాణ్ణి. ఆగలేదు. అప్పటినుంచి ప్రతి క్లాసులోనూ కెమెరాకి బొట్టు పెట్టుకుని చచ్చిపోయిన డ్రైవరు కథ చెబుతూ వచ్చాను. వింటూ అందరూ బిగుసుకుపోతారు. ఆ తర్వాత మా బండ్లలో ఎవరూ కెమెరా జోలికి పోలేదు. నా అబద్ధం ప్రాణాలు కాపాడుతోంది. అంటే అది మంచిదయిపోయిందా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు వేసుకున్నాను. జవాబు కోసం కాదు, ఆ ప్రశ్న చాటున దాక్కోవడానికి.

గొంతు మారుద్దామంటే డ్రైవర్లు ఒప్పుకోలేదు. కాబట్టి ఇప్పటికీ అన్ని బండ్లలోనూ సింహాచలమే పిలుస్తాడు. ఘాటీలో తనకింకా నిద్ర రాకముందే మావ పిలిచాడని, తలెత్తితే ఎదురుగా మలుపుందని ఒకడు చెప్పాడు. కెమెరా చెడిపోయినా పిలుపు వినబడిందని మరొకడు. తీగలూ మీటలూ తెలిసినవాణ్ణి, ఇలాంటివి నమ్మను. కానీ ఇంట్లో అన్నం తిని కాస్త నడుం వాలిస్తే, రెప్ప పడగానే నాకూ వినబడేది. నా ఇంట్లో కెమెరా లేదు.

ఈ ఏడు ఆయుధపూజకి అప్పలనాయుడనే డ్రైవరు కొత్త బండి తెచ్చాడు. తొలి బొట్టు నేనే పెట్టాలన్నాడు. అతని సీట్లో కూర్చుని, దండం పెట్టుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

"ఒరే బావా, కళ్ళు మూతలడిపోతన్నాయి."

కింద అందరూ ఘొల్లున నవ్వారు. కెమెరా తన పని తను చేసింది, అంతే. కానీ ఉలిక్కిపడేసరికి ఒళ్ళో పెట్టుకున్న పళ్ళెం ఒరిగి కుంకుమంతా బట్టల మీద పడింది. బతికుండగా అతను నన్నెప్పుడూ బావా అనలేదు. బాబూ అనేవాడు.

పళ్ళెం అక్కడే పెట్టి దిగాను. బట్టల మీద కుంకుమ మరకతోనే నా బైకు మీద బొబ్బిలి దారి పట్టాను.

పైడమ్మ గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది. నేను లోపలికి అడుగు పెట్టకుండానే చెప్పేశాను. బొట్టు నేను పెట్టాను, అతను కాదు. పిలవడం లేదని అడిగితే అబద్ధం చెప్పాను. తప్పంతా అతనిదేనంటే తల ఊపాను. ఇన్నేళ్ళూ ఊరూరా అదే కథ చెప్పాను. ఏదీ దాచలేదు.

ఆమె చేట ఆగింది. నా బట్టల మీది మరక వైపే చూసింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఇన్నేళ్ళూ ఆయన మొకం సూడనేదు నాను," అంది. నాతో కాదు.

లేచి లోపలికి వెళ్ళింది. గంధం గిన్నె తెచ్చింది. ఫొటో దించి, కొంగుతో అద్దం తుడిచి, నుదుట బొట్టు పెట్టింది. వాలిన ఆ ఎడమ రెప్ప మీద కాసేపు వేలు ఆనించి ఉంచింది. నన్ను కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

గుమ్మం బయటే ఎండలో నిలబడ్డాను. డ్రైవర్లకి ఇంకా చెప్పాలి. చెబుతాను. అప్పటికి మాత్రం గోడకి ఆనుకుని, భయం భయంగా కళ్ళు మూసుకున్నాను.

ఎవరూ పిలవలేదు.