పేలుళ్లు లెక్కపెట్టిన చెవులు

మొన్న జమ్మలమడుగులో ఒక టీ అంగడి ముందు నేనూ మా అన్నా కూచున్నాం. నాపరాయి గనుల వైపు నుంచి మందు పేలిన చప్పుడుకు బల్ల మీది గ్లాసులు గల్లుమన్నాయి. అందరూ అటు, అన్న కూచున్న వైపే తిరిగారు. అన్న మాత్రం బిస్కెట్టు ముంచుకుంటూ, "ఏందిరా, అందరూ నన్నే చూస్తాండారు?" అన్నాడు. చెవిటివాళ్లకు అనుమానం సహజమంటారు. మా అన్నకు దాన్ని సర్కారు నేర్పింది.

పటాలంలో చేరకముందు ఆయన ఆ గనుల్లోనే పనిచేశాడు. గుంతల్లో మందు దట్టించి, నిప్పంటించి, అందరూ బండ చాటుకు పరుగెత్తేవాళ్లు. అన్నీ పేలాయా, ఒకటి మిగిలిందా అని చప్పుళ్లు లెక్కపెట్టడం అన్న పని. రెండు చప్పుళ్లు కలిసిపోయినా విడదీసి చెప్పేవాడు. ఆయన "రాండి" అనేదాకా ఎవరూ కదిలేవాళ్లు కాదు. అట్లాంటి చెవులు, పటాలంలో ఫిరంగుల పక్కన ఏళ్లతరబడి నిలబడినందుకు చెడిపోయాయి. చెవుడని ఇంటికి పంపారు గానీ వైకల్యపు పింఛను ఇవ్వలేదు. ఆ చెవుడు కొలువువల్లే వచ్చిందని రుజువు చేసుకోవాలట!

విచారణకు నేనూ, గనిలో మేస్త్రీగా చేసిన, అన్నకు పిల్లనిచ్చిన మామా తోడుపోయాం. అధికారి అన్న వెనక్కి వెళ్లి తాళాలగుత్తి కింద పడేసి, ఉలిక్కిపడతాడేమోనని చూశాడు. నా ఒళ్లు మండిపోయింది. మామకు రోషమొచ్చి అల్లుడి గొప్ప ఎత్తుకున్నాడు. "మావోడి చెవులంటే ఏమనుకుంటాండారు సార్? గనిలో పేలుళ్లు లెక్కజెప్పేది ఈయప్పే. మా పానాలన్నీ ఆ చెవుల్లోనే ఉండె!"

"గనిలో చేశాడా? మరి చెవులు అక్కడే పోయుంటాయి కదండీ," అన్నాడు అధికారి చల్లగా.

మామ ముఖం పాలిపోయింది. ఏమీ వినబడని అన్న మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

నేను బడికి పోయింది తక్కువ. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. "చేర్చుకునేటప్పుడు మీ డాక్టరే గదా సార్ చెవులు బాగుండాయనింది? అప్పుడు లేని రోగం కొలువులో వచ్చినట్టే లెక్క. కాదంటే రుజువు మీరు చూపించాల, మావోడు గాదు," అన్నాను.

"ఈ మాటలు నీకెవరు నేర్పించారు?" అన్నాడాయన. అర్జీ కొట్టేశాడు.

పైవాళ్లకు మొరపెట్టుకున్నాక, శానా తిప్పి, పింఛను ఇచ్చారు. చెవిలో అరిచి చెబితే అన్న సంతోషపడలేదు. "ఆ పొద్దు మామ ఏందో అన్యాడు. నాకెందుకు చెప్పరు?" అన్నాడు. మామ కాలం చేశాడు, ఆ మాట ఇప్పటికీ నేను చెప్పలేదు.

టీ అంగడి దగ్గర గనుల వైపు చెయ్యి చూపించి, పేలిందని సైగ చేశాను. అన్న బిస్కెట్టు పక్కన పెట్టాడు. "ఎన్ని?" అన్నాడు.

నేను లెక్కపెట్టలేదు. ఇంత కాలం గడిచింది, ఇక అన్నీ పేలిపోయినట్టేనని మేమంతా లేచి వచ్చేశాం గానీ, ఆయన మాత్రం ఇంకా ఆ బండ చాటునే, చివరి చప్పుడు కోసం కాచుకుని ఉన్నాడు.