సద్దు లేని మిషను

బ్రష్షుతో వార్నిష్ పూస్తే చారలు పడతాయి. ఎంత మెత్తటి బ్రష్షు కొన్నా, ఎంత పల్చగా కలిపినా, ఆరాక వెలుతురులో పెట్టి చూస్తే ఆ గీతలు కనబడి నాకు ఒళ్ళు మండుతుంది. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీ పని మానేసి మదనపల్లెకు వచ్చాక, ఇంటి వెనక రేకుల షెడ్డులో దేవుడి మందిరాలు చేస్తున్నాను. చెక్క పనంటే నాకు ప్రాణం. ఆ చారలు చూసినప్పుడు మాత్రం చేసిన మందిరాన్ని పొయ్యిలో పెట్టాలనిపిస్తుంది. చారలు పోవాలంటే స్ప్రే గన్ను కావాలి, గన్నుకు గాలి కావాలి, గాలికి కంప్రెసర్ కావాలి. ఈ మాట ఎత్తగానే నా భార్య కయ్యిమని లేచింది.

"కుప్పంలో ఆ రాయి కోసే సద్దు పక్కనే కాపరం సేసినాను. ఇంక నా వల్ల గాదు. సద్దు లేని మిషనైతే తే. లేదంటే మిషనూ నువ్వూ ఇద్దరూ బయటే!"

ఆ మాట అనలేదు, అరిచింది. నా బాధంతా అదే. పెళ్ళయిన కొత్తలో ఆమె మాట పక్క గదిలోకి కూడా వినపడేది కాదు. అంత నెమ్మదైన మనిషికి రానురాను నోరు పెద్దదయింది. అన్నానికి రమ్మన్నా అరుపే, ఉప్పు చాలిందా అన్నా అరుపే. పైగా "సెవిటోని ముందర సంకం ఊదినట్టుండాది నా బతుకు" అని ఎత్తిపొడుపు. "మెల్లిగా మాట్లాడలేవా మే?" అని నేనంటే కళ్ళెర్రజేసేది. నా మీద విసుగు పుట్టిందనుకున్నాను. ఈ వయసులో ఇదేం ఖర్మరా దేవుడా అని షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని కుమిలిపోయేవాణ్ణి. సద్దు లేని మిషను తెస్తే ఆమె చల్లబడుతుందని, మళ్ళీ మునుపటిలా నెమ్మదిగా మాట్లాడుతుందని నా ఆశ.

ముందు ఒక్కణ్ణే పుంగనూరు పోయాను. అక్కడ పంచర్ షాపాయన ఒకాయన పాత కంప్రెసర్ అమ్ముతున్నాడని తెలిసింది. బెల్టుతో తిరిగే రకం. ఆయిల్ పోయాలి. ట్యాంకు మాత్రం పెద్దది. స్ప్రే గన్ను తెరిపి లేకుండా గాలి తాగుతుంది; ట్యాంకు చిన్నదైతే నడి పనిలో గాలి చాలక వార్నిష్ చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ లెక్కన నాకు అది బాగా నచ్చింది. స్విచ్ వేయించి పక్కనే నిలబడి విన్నాను. ఫరవాలేదు, మన మిక్సీ అంత కూడా లేదు. షాపాయన ఏదో చెబుతూ తన చెవి వైపు వేలు చూపించాడు. పాపం, చెవిపోటు కాబోలనుకున్నాను.

ఇంటికొచ్చి, "సద్దే లేదు మే, బంగారంలాంటి మిషను" అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "నేను ఇన్నాక కొందువులే. మదనపల్లెలో లేవా షాపులు? ఈడే సూద్దాం పద" అంది.

మార్కెట్టుకు పోయే దారిలో ఒక టూల్స్ షాపుంది. ఉలులు, చెక్క రుద్దే ఉప్పు కాగితాలు ఎప్పుడూ అక్కడే కొంటాను కాబట్టి షాపు భాయికి నేను బాగా తెలుసు. ఆయన మొదట బెల్టు రకానికి స్విచ్ వేశాడు. వేసీ వేయగానే నా భార్య రెండు చెవులూ మూసుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి పోయింది. టమేటా లారీల హారన్లే ఆమెకు నయమనిపించాయి కాబోలు.

"ఏమంత సద్దుండాదని ఈ నాటకం?" అన్నాను. భాయి మిషను ఆపేశాడు.

"ఇంట్లోకి మీకు ఇది వద్దన్నా. దీన్ని సూడండి. ఆయిల్ ఉండదు, బెల్టు ఉండదు. రేటు కొంచెం ఎక్కువే గాని, పక్కన బిడ్డ నిద్రపోతాన్నా లేవదు" అంటూ ఇంకోదాన్ని ముందుకు లాగాడు. ప్లగ్గు పెట్టి, వంగి దాని వెనక ఏదో చేశాడు. నా భార్య లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది.

నేను దాని చుట్టూ తిరిగి చూశాను. ట్యాంకు మరీ చిన్నదేం కాదు. కింద చక్రాలున్నాయి, షెడ్డులోంచి వాకిట్లోకి లాక్కోవచ్చు. నా పనికి సరిపోతుందనిపించింది. భాయి మాత్రం చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. కొనడానికి వచ్చినవాణ్ణి ఇట్లా ఊరికే నిలబెడితే ఎట్లా? నాకు చిర్రెత్తుకొచ్చింది.

"సూస్తా నిలబడితే ఎట్ల భాయ్? స్విచ్ ఎయ్యి, ఇందాం!"

"ఏసినా కదన్నా. అప్పట్నించీ నడస్తానే ఉండాది."

గేజు వైపు చూశాను. ముల్లు పైకి పోతోంది. నమ్మలేక ట్యాంకు మీద చెయ్యి పెట్టాను. అరచేతి కింద ఇనుము వణుకుతోంది. నా చెవులకు మాత్రం రోడ్డు మీది లారీ తప్ప ఏమీ అందలేదు. ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని భార్య వైపు తిరిగాను. ఆమె నవ్వడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు ఇనపడతాందా?" అని అడిగాను. తలూపింది.

ఆ మిషనే తీసుకున్నాం. బేరం కూడా ఆడలేదు. భాయి దాన్ని ఆటోలో కట్టిస్తుంటే మేమిద్దరం షాపు మెట్ల మీద కూర్చున్నాం. ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను పక్కన గడిపిన ఏళ్ళన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చెవుల్లో దూది పెట్టుకోమని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. అంతకంటే, ఇంట్లో ఆ అరుపులన్నీ విసుగు కాదని, నాకు వినపడాలని ఆమె పడిన ఆయాసమని తెలిసి బాధేసింది. నా పాడు బుద్ధికి ఆ బాధ వెంటనే కోపమయింది.

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"కుప్పంలో ఉండంగానే."

"మరి నాకు యాల సెప్పలేదు? ఒక్క మాట సెప్పుంటే నీకేం పోయింది?"

ఆమె ఇటూ అటూ చూసింది. నా భుజం మీద చెయ్యి వేసి, నా చెవికి నోరు ఆనించింది.

"సెప్పినానప్పా. శానాసార్లు సెప్పినాను. పక్కింటోళ్ళు ఇంటే నీకు సిన్నతనమని, మెల్లిగా సెప్పినాను."