కామెర్లు తెచ్చిన మాత్రలనే మళ్లీ మింగాను

సహోదరులారా, ఈ ఉదయం మీ ముందు నిలబడి గొంతెత్తి మాట్లాడగలుగుతున్నానంటే అది దేవుని కృపే. నా పేరు రూతమ్మ, తిరువూరులో బట్టలు కుడతాను, నా భర్త దానియేలు గంపలగూడెం రోడ్డులో ఆటో నడుపుతాడు. పోయిన ఏడాది నాకు దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు, పరీక్ష చేసి టీబీ అన్నారు, మాత్రలిచ్చారు, ఒక్క పూటా మానకుండా మింగాను. దగ్గు కాస్త తగ్గిందని సంతోషపడేలోపే అన్నం చూస్తే వాంతి, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చగా మారిపోయాయి.

విజయవాడ ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "మీ లివర్ వాచిందమ్మా, ఆ వాపును చూపించే ఎంజైములు బాగా పెరిగిపోయాయి. టీబీ మాత్రలు మీకు పడలేదు. ఇప్పటికి అన్నీ ఆపేద్దాం, వాపు దిగాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడదాం" అన్నారు.

మళ్లీ అన్న మాటకే భయపడిపోయాను. మింగితే కాలేయం పోతుంది, మానేస్తే ఊపిరితిత్తులు పోతాయి, ఎటు వెళ్లాలో తెలియక ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

ఇంట్లో నా భర్త అక్క పసరు మందు నూరి ఉంచింది. "ఇది తాగు రూతూ, కామెర్లు ఇట్టే దిగిపోతాయి" అంది.

"అసలే వాచిపోయిన లివర్ మీద ఇంకోటి పోయను వదినా" అన్నాను. ఆమె అలిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రార్థన చేస్తానని ఒక పెద్దాయన వచ్చి, "దేవుడే ఆ మాత్రల్ని నీ ఒంట్లోంచి తోసేశాడమ్మా. మళ్లీ ముట్టుకున్నావంటే నీకు విశ్వాసం లేనట్టే" అన్నాడు.

"అయ్యగారూ, ముందు మీరు ఆ కళ్లజోడు తీసేసి వాక్యం చదవండి, తర్వాత నా మాత్రల సంగతి మాట్లాడుకుందాం" అన్నాను. ఆయన మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ రోజు మోకాళ్ల మీద ఇలా ప్రార్థించాను. "ప్రభువా, చావమని నువ్వు చెప్పలేదు, మనుషులు చెబితే నేను చావను. ఈ కాలేయాన్ని చేసింది నువ్వే, డాక్టరమ్మకు తెలివిచ్చిందీ నువ్వే. నేను మాత్ర మింగుతాను, నువ్వు నన్ను విడిచిపెట్టొద్దు."

వాపు మెల్లగా దిగింది. మొదటి మందు ప్రార్థన చేసి మింగాను, పరీక్ష బాగానే వచ్చింది, రెండోదీ నిలిచింది. ఇంకొకటి మొదలుపెట్టగానే ఎంజైములు మళ్లీ ఎగబాకాయి. "నేను చెప్పలేదా" అంది వదిన. డాక్టరమ్మ మాత్రం, "దొంగ దొరికాడు" అని ఆ ఒక్క మందును పూర్తిగా తీసేసి, వేరేది కలిపి, మరిన్ని నెలలు వాడమన్నారు. వాడాను. భయపడుతూ, దేవునితో వాదిస్తూ, చివరిదాకా వాడాను.

ఆఖరి ఎక్స్‌రే, రక్తపరీక్ష చూసి, "టీబీ లేదు, లివర్ బాగుంది, ఇక మందులు అక్కర్లేదు" అన్నారు డాక్టరమ్మ. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భర్త అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు, కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ స్తుతిస్తూనే వచ్చాను.

మందు వాడేవాడికి విశ్వాసం లేదని ఎవరైనా అంటే నన్ను చూపించండి. మీలో ఎవరైనా దగ్గును దాచుకుంటున్నా, మాత్రలకు కళ్లు పచ్చబడి భయపడుతున్నా, ఇంట్లో కూర్చోకండి, ఆస్పత్రికి పదండి, తోడు లేకపోతే నేనొస్తాను. నన్ను మోసిన దేవుడు మిమ్మల్నీ మోస్తాడు, ఆయన్ని నమ్మండి. మహిమంతా ఆయనకే.