రిలీవరు వచ్చేదాకా

అనూరాధకు కుదురు లేదు. పుట్టినప్పటి నుంచీ లేదని వాళ్ళమ్మ గంగాలమ్మ అంటుంది. గ్యాస్ కట్టేసి వీధి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి నాబ్ తిప్పి చూస్తుంది. ఆటో ఎక్కితే చాలు, దారిలో ట్రాఫిక్ ఆగితే ఎటు తిప్పుతావని డ్రైవర్ని ముందే నిలదీస్తుంది. ఇంట్లో అందరికీ తలనొప్పి తెప్పించే ఈ గుణాన్నే చూసి రుషికొండలో ఒక కంపెనీ ఆమెకు ఉద్యోగమిచ్చింది. ఆమె టెస్టర్.

కంప్యూటర్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ఇన్‌స్టాలర్ని ఆ కంపెనీ తయారుచేస్తుంది. ఎక్కించాల్సిన సాఫ్ట్‌వేరంతా ఎక్కడో ఒక సర్వర్లో, గోదాములో సరుకులా పేర్చి ఉంటుంది. దాన్నే రిపోజిటరీ అంటారు. దాని చిరునామా తప్పు కొడితే ఏమవుతుంది, ఒకటే చిరునామా రెండుసార్లు ఇస్తే ఏమవుతుంది, జోడించాక మనసు మార్చుకుని తీసేస్తే ఏమవుతుంది... లోకంలో ఎవరికీ తోచని ఇలాంటి ప్రశ్నలన్నీ వేసుకుని, ఒక్కోదాన్నీ టెస్ట్ కేసుగా రాయడం ఆమె పని. ప్రతి కేసు చివరా ఒక గడి ఉంటుంది: ‘ఆశించిన ఫలితం’. ఏం జరగాలో చెప్పలేనివాళ్ళకు, జరిగింది తప్పనే హక్కు లేదు.

ఆ గురువారం ఆమె ప్రాణం తీసింది ఆ గడే.

రిపోజిటరీ దొరికిందని ఇన్‌స్టాలర్ పచ్చ టిక్కు పెట్టగానే అందరూ హమ్మయ్య అనుకుని తర్వాతి కేసుకు పోతారు. అనూరాధ చెయ్యి ఊరుకుంటుందా? టిక్కు పడ్డాక, పని సగంలో ఉండగా, వెళ్ళి సర్వర్ కట్టేసింది. ఇన్‌స్టాలర్ కాసేపు గింజుకుని ఆగిపోయింది. అప్పటికే డిస్కు మీద పాత సిస్టమ్‌ని చెరిపేసింది. కొత్తది రాలేదు. పాతదీ లేక, కొత్తదీ లేక, తెర నల్లగా ఉండిపోయింది. ఈ రిలీజు, అంటే బయటికి పంపే కొత్త వెర్షన్, వెళ్ళబోయేది మన్యంలోని బడులకి. అక్కడ నెట్టు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. ఒక్కో బడికి ఉన్నది ఒకటో రెండో కంప్యూటర్లు.

ఇన్‌స్టాలర్ కోడ్ రాసిన నాగవంశీని పిలిచి చూపించింది.

“సర్వరే పోయాక ఇన్‌స్టాలరు ఏటి చెయ్యాలి మేడమ్?” అన్నాడతను.

“ఇలా మాత్రం చెయ్యకూడదు.”

“మరెలా చెయ్యాలి? అది రాయండి. నాలుగింటికి మీటింగు. ఆ గడి ఖాళీగా ఉంటే కేసు తీసేత్తారు, రిలీజు ఎల్లిపోద్ది.”

అతనన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఆమెకు మరీ మండింది. పైగా పోయిన రిలీజుని ఆమె ఇలాగే పట్టుబట్టి ఆపించింది. చివరికి చూస్తే తన మెషీన్ కేబులే వదులుగా ఉంది. అప్పటినుంచి మీటింగులో ఆమె నోరు విప్పితే చాలు, ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఈసారీ నిలబడకపోతే ఇక ఆమె మాట వినే దిక్కుండదు.

క్యారియర్ విప్పలేదు. ‘ఎర్రర్ చూపించాలి’ అని రాసి కొట్టేసింది. ఇల్లు కూల్చేశాక సారీ చెప్పినట్టుంది. ‘మళ్ళీ ప్రయత్నించాలి’ అని రాసి అదీ కొట్టేసింది. రెండున్నరకి ఫోన్ మోగింది. మొగుడు రాము. స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పని. రెండింటికి షిఫ్టు దిగి, కంటి ఆపరేషన్ చేయించుకున్న గంగాలమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

“అనూ, నాను రాలేను. రిలీవరు రాలేదు.”

“మళ్ళీనా! అమ్మ చీర మార్చుకుని వరండాలో కూర్చునుంది.”

“ఏటి సెయ్యమంటావు? ఆడొచ్చి నిలబడితేగానీ నాను కదల్డానికి లేదు. ఫర్నేసు ఒగ్గేసి ఎలాగొత్తాను? అత్తని రేపు తీసుకెల్తాన్లే.”

రిలీవరు. షిఫ్టు మారేటప్పుడు వచ్చి పని అందుకోవాల్సిన మనిషి. ఆ మాటంటేనే అనూరాధకు ఒళ్ళు మంట. రాము పెళ్ళిచూపులకు ఆలస్యంగా వచ్చింది రిలీవరు రాకే. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో కొన్న సినిమా టికెట్లు ఎన్ని వృథా అయ్యాయో లెక్క లేదు. ఆ ఫర్నేసునే చేసుకోకపోయావా అని ఎన్నోసార్లు తగువాడింది. ఇప్పుడూ ఫోన్ పెట్టేసి, ఆఫీసు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తనలో తనే తిట్టుకుంది. కొత్తవాడు వచ్చి పని చేతిలోకి తీసుకోవాలట. అప్పటిదాకా పాతవాడు కదలకూడదట. ఏం, కదిలితే ఏమవుతుంది?

కాలు ఆగిపోయింది. ఏమవుతుందో పొద్దున తన కళ్ళతోనే చూసింది.

పరుగున సీటు దగ్గరికి వెళ్ళి రాసింది: ‘కొత్తదంతా వచ్చి చేరేదాకా పాతదాన్ని చెరపకూడదు.’ తనకు గిట్టని ఆ రూలునే తన చేత్తో రాస్తుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మీటింగులో నాగవంశీయే అడ్డుపడ్డాడు. “అంతా ముందే దించుకోడానికి డిస్కులో చోటుండాలి కదండీ?”

“లేకపోతే లేదని మొదట్లోనే చెప్పి ఆగిపోవాలి. చెరిపేశాక కాదు.”

అతను కాగితం మీద లెక్క వేసుకున్నాడు. తర్వాత తనే మేనేజర్‌తో, రెండు వారాలు కావాలన్నాడు. రిలీజు ఆగింది. ఈసారి ఎవరూ మొహాలు చూసుకోలేదు.

ఆమె ఉక్కునగరం క్వార్టరుకు చేరేసరికి రాము అన్నం తింటున్నాడు. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు.

“ఎప్పుడొచ్చాడు నీ రిలీవరు?”

ఎందుకాలస్యం అనే గానీ, ఈ మాట ఆమె ఎన్నడూ అడిగింది లేదు. రాము అనుమానంగా చూశాడు. “నాలుగున్నరకి. కూర్మన్నపాలెం కాడ బండి ఆగిపోనాదంట.”

“అసలు రాకపోతే?”

“ఇంకోడ్ని పంపుతారు.”

“వాడూ రాకపోతే?”

“నానే ఉంటాను.”

“ఎంతసేపు?”

“వచ్చిందాకా,” అన్నాడు రాము, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు, పులుసు కలుపుకుంటూ.

అనూరాధ ఆలోచన మళ్ళీ ఇన్‌స్టాలర్ మీదికి పోయింది. సర్వర్ ఎంతకీ రాకపోతే ఇన్‌స్టాలర్ ఎంతసేపు కాచుకోవాలి? ఆ కేసు ఇంకా రాయలేదు. దానికి జవాబు తేలికే: కొంతసేపు చూసి, పాతదాన్ని పాతలాగే ఉంచి తప్పుకోవాలి. రాము కేసుకు ఆ గడిలో ఏం రాయాలో ఆమెకు తోచలేదు. అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించి, తినేదాకా అక్కడే కూర్చుంది.